నదికి యజమాని ఎవరు?

నదుల మీద ప్రభుత్వాలు, ట్రిబ్యునళ్ళు, బ్యాంకులు రాసే కాగితాలు ఇంజనీర్లకు, వకీళ్ళకు సంబంధించినవని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. సాహిత్య సభల్లో కథ మీద చర్చ జరుగుతుంది, కవిత మీద చర్చ జరుగుతుంది. ఒక తీర్పు మీద, ఒక ముంపు జాబితా మీద చర్చ జరగదు. కానీ గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఒడ్డున పుట్టిన మన బతుకులను తారుమారు చేసింది కథలూ నవలలూ కాదు, ఆ కాగితాలే. అందుకే వాటిని కూడా విమర్శకుల కళ్ళతోనే చదవాలని మేము అంటున్నాం. ఇందులో మాట్లాడుతున్నది ఎవరు? ఎవరి పేరు వచ్చింది, ఎవరి పేరు రాలేదు? ఏ మాట చాటున ఏ సంగతి దాగి ఉంది? కథను అడిగే ప్రశ్నలనే నది కాగితాన్ని కూడా అడగాలి.

ఇప్పుడు ఆసియా అంతటా నదుల గురించి ఒకే రకమైన మాటలు వినిపిస్తున్నాయి. నదీ సంరక్షణ, సుస్థిర నిర్వహణ, సమగ్ర పరీవాహక ప్రణాళిక. యాంగ్జీ నది దగ్గరా ఇవే మాటలు, మెకాంగ్ దగ్గరా ఇవే మాటలు, మన గోదావరి దగ్గరా ఇవే. మంచి మాటలే. నదిని కాపాడతామంటే కాదనేదెవరు? అయితే తెలుగులో ఈ నిర్వహణకు ప్రభుత్వ కాగితాల్లో వాడే మాట ‘యాజమాన్యం’. గోదావరి నదీ యాజమాన్య బోర్డు అంటాం. స్కూలు యాజమాన్యం, కంపెనీ యాజమాన్యం అన్నట్టే నదీ యాజమాన్యం. మాట తెలియకుండానే నిజం చెప్పేసింది. నదిని నడిపేవాడు నదికి యజమాని అయి కూర్చుంటున్నాడు. ఆ యజమానుల్లో నది ఒడ్డున బతికేవాళ్ళు ఉన్నారా లేరా అన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

శబరికి ఇంకో పేరు

గోదావరి మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. పైన దక్కను పీఠభూమిలో వచ్చే నీరు తక్కువ. గోదావరిని మహానది చేసేది ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. ఈ మూడూ గోండులు, కోలాములు, మరియలు, దొర్లలు, కోయలు, కొండరెడ్ల ఊళ్ళ మీదుగా వస్తాయి. అంటే కోనసీమ పొలంలో పారే నీళ్ళలో పెద్ద పాలు ఆదివాసీ అడవుల్లో కురిసిన వానే.

ఈ నీటిని రాష్ట్రాల మధ్య పంచడానికి 1969లో గోదావరి జల వివాదాల ట్రిబ్యునల్ ఏర్పడింది. జస్టిస్ బచావత్ దానికి అధ్యక్షుడు. తుది తీర్పు 1980లో వచ్చింది. లెక్క కోసం పరీవాహక ప్రాంతాన్ని 12 ఉప పరీవాహకాలుగా విడగొట్టి జీ-1 నుంచి జీ-12 దాకా గుర్తులు పెట్టారు. ప్రాణహిత జీ-9 అయింది. ఇంద్రావతి జీ-11. శబరి జీ-12. రామాయణం చదివినవాళ్ళకు శబరి అంటే పళ్ళు పెట్టిన అడవి తల్లి. కాగితంలో ఆమె చివరి నంబరు.

నంబరు పెట్టడం తప్పని మేము అనడం లేదు. కొలవకుండా పంచడం కుదరదు. లోపం ఎక్కడుందంటే, ఆ లెక్కలో పద్దులన్నీ టీఎంసీలే. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగుల నీరు. కక్షిదారులు రాష్ట్రాలు. శబరి గోదావరిలో కలిసే చోట ఉన్న కూనవరం కక్షిదారు కాదు. వరద తీసిన ఒండ్రు మీద మిరప, పొగాకు వేసుకునే ఒడ్డు రైతు కక్షిదారు కాదు. వల వేసేవాడు కాడు, చేప అసలే కాదు. నదిని నీళ్ళుగా మాత్రమే చూసిన లెక్కలో, నీళ్ళతో బతికేవాళ్ళకు గడి ఉండదు.

నాలుగు మాటలు

ఈ లెక్క నుంచి కొన్ని మాటలు పుట్టి పేపర్లలోకి, పాఠాల్లోకి, మన నోళ్ళలోకి కూడా వచ్చేశాయి. వాటిలో నాలుగింటిని విడదీసి చూద్దాం.

మొదటిది ‘వృథా’. ఏటా వేల టీఎంసీల గోదావరి నీరు సముద్రం పాలవుతోందని చదువుతుంటాం. నది సముద్రంలో కలవడం నది చేసే పనే. ఆ నీరు మోసుకొచ్చిన ఒండ్రుతోనే డెల్టా పుట్టింది. కోరింగ మడ అడవులు ఆ తీపి నీరు, ఉప్పు నీరు కలిసే చోటే బతుకుతున్నాయి. సముద్రపు ఉప్పును వెనక్కి నెట్టేది ఆ ప్రవాహమే. పులస చేప సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి వస్తుంది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక దాని దారికి అక్కడే అడ్డు పడింది. సముద్రంలో కలిసిన ప్రతి చుక్కా వృథా అయితే, పులసకు వచ్చే దారి ఏది, కోరింగకు తీపి నీరు ఏది?

రెండోది ‘ముంపు’. పోలవరం కాగితాల్లో ముంపు ఒక గీత. సముద్ర మట్టానికి 45.72 మీటర్ల ఎత్తున, అంటే 150 అడుగుల దగ్గర, నిండు జలాశయం గీత. మొదటి దశ పునరావాసానికి 41.15 మీటర్ల గీత. ఆ గీతకు లోపల ఉన్న ఊరికి ముందు పరిహారం, బయట ఉన్న ఊరికి తర్వాత. జలాశయంలో నిలకడగా ఉన్న నీటికి ఈ గీత సరిపోతుంది. వరదలో ఉన్న నదికి సరిపోదు. పారే నీరు పైకి వెళ్ళేకొద్దీ ఎత్తుగా ఉంటుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీరు దిగే చోటు లేక ఎగదన్నుతుంది. చింతూరు, వీఆర్ పురం, కూనవరం వైపు వాగులన్నీ వెనక్కి పొంగుతాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 41.15 గీతకు బయట ఉన్నాయన్న ఊళ్ళలోకి కూడా ఆ వరద వచ్చింది. 1986లో అదే చోట 75.6 అడుగులు వచ్చిన సంగతి ఒడ్డున పెద్దవాళ్ళకు గుర్తే. ఏ వాగు ముందు ఎగదన్నుతుందో, ఏ దారి ముందు తెగుతుందో, ఏ గుట్ట మీదికి పశువులను తోలాలో వాళ్ళకు తెలుసు. ఆ తెలివికి పటంలో గీత లేదు.

మూడోది ‘నిర్వాసితులు’. పోలవరం వల్ల ఊళ్ళు వదలాల్సిన కుటుంబాలు ప్రభుత్వ లెక్క ప్రకారమే లక్షకు పైన. వారిలో ఆదివాసులది పెద్ద పాలు. నిర్వాసితుడు అంటే వాసం లేనివాడు. పేరులోనే ఇల్లు పోయింది, కాబట్టి ఇల్లు ఇస్తే లెక్క సరిపోతుందన్నట్టు ఉంటుంది. కొండరెడ్డి ఇంటికి కొండ ఉంటుంది, వెదురు ఉంటుంది, పోడు ఉంటుంది, ఇప్ప చెట్టు ఉంటుంది, తునికాకు ఉంటుంది, చేపలకు రేవు ఉంటుంది. కాలనీలో వరసగా కట్టిన ఇంటికి గోడలు మాత్రం ఉంటాయి.

నాలుగోది ‘కటాఫ్ ఏరియా’. ఇది మన శబరికి ఉపనది అయిన సీలేరు ఇచ్చిన మాట. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఉమ్మడిగా కట్టిన బలిమెల జలాశయం నిండాక, మల్కన్‌గిరి జిల్లాలో 151 ఊళ్ళు నీటికి అవతల చిక్కుకుపోయాయి. మునగలేదు కాబట్టి అవి ముంపు ఊళ్ళు కావు. దారి తెగిపోయింది కాబట్టి బతికే ఊళ్ళూ కావు. దశాబ్దాల తరబడి ఆసుపత్రికైనా సంతకైనా పడవే దిక్కు. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జూలైలో గాని తెరుచుకోలేదు. నది మీద కట్టిన పని వల్ల కలిగే నష్టాన్ని మునిగిన ఎకరాలతో మాత్రమే కొలిస్తే ఇలాంటి ఊళ్ళు లెక్కకు అందవు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. డెల్టా రైతు మనకు శత్రువు కాదు. కాటన్ ఆనకట్టకు ముందు గోదావరి డెల్టా కరువులు, తుపానులతో అల్లాడిన నేల. ఆ కాలువలు లక్షల మందికి అన్నం పెట్టాయి. ఈ మాట కాదనే విమర్శ నిలబడదు. మా అభ్యంతరం అన్నం పెట్టిన కాలువ మీద కాదు. ఒక కొసన నీరు పొందేవాడి పేరు రాసి, ఇంకో కొసన ఊరు పోగొట్టుకునేవాడి పేరు రాయని లెక్క మీద.

1980 ఏప్రిల్

మన నది కాగితంలో ఒక తేదీ ఉంది. 1980 ఏప్రిల్ 2. ఆ రోజు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒరిస్సా ప్రభుత్వాల మధ్య పోలవరం మీద ఒప్పందం జరిగింది. అది తీర్పులో భాగమైంది. మూడు ప్రభుత్వాలు ఉన్నాయి గాని, మూడు వైపులా మునిగే కోయ, దొర్ల, కొండరెడ్డి ఊళ్ళలో ఒక్కటి కూడా ఆ ఒప్పందంలో పక్షం కాదు.

అదే నెలలో, ఏప్రిల్ 24న, ఫిలిప్పీన్స్ దేశపు లూజాన్ దీవిలో మాక్లియింగ్ దులాగ్ అనే కళింగ తెగ పెద్దను సైనికులు కాల్చి చంపారు. అక్కడ చీకో అనే నది ఉంది. ఆ దేశంలో అతి పొడవైన కగయాన్ నదికి అది ఉపనది. మార్కోస్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో దాని మీద నాలుగు ఆనకట్టలు కట్టాలనుకుంది. కళింగ, బొంతోక్ తెగల ఊళ్ళు, మెట్ల వరి పొలాలు, పూర్వీకుల సమాధులు మునగాలి. ఆ తెగల మధ్య పాతకాలం పగలు ఉండేవి. పగలు తీర్చుకోకుండా ఊరికీ ఊరికీ మధ్య రాజీ కుదిర్చే ‘బొదొంగ్’ అనే కట్టుబాటు కూడా ఉండేది. ఆనకట్టల కాలంలో వాళ్ళు ఆ కట్టుబాటునే విస్తరించి, నది పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ ఒక్కమాట మీద నిలిచేలా చేశారు. దులాగ్ హత్య తర్వాత ఉద్యమం ఇంకా బలపడింది. ప్రపంచ బ్యాంకు వెనక్కి తగ్గింది, ఆనకట్టలు ఆగిపోయాయి. ఏప్రిల్ 24ను అక్కడివాళ్ళు ఇప్పటికీ కార్డిలెరా దినంగా జరుపుకుంటారు.

ఈ కథను వీరగాథగా మాత్రమే చెప్పుకుంటే సగమే చదివినట్టు. ఇందులో గమనించాల్సింది బొదొంగ్. నది మొత్తాన్ని ఒకటిగా చూసే సంస్థ కావాలని నిపుణులు ఇవాళ చెబుతున్నారు. చీకో ఒడ్డు జనం అలాంటి సంస్థను తమ కట్టుబాటు నుంచే తయారు చేసుకున్నారు. మన దగ్గర కూడా ఊరి పెద్దల కూటమి ఉంది, ముఠా వ్యవస్థ జ్ఞాపకం ఉంది, గట్టు దాటిన బంధుత్వాలున్నాయి. శబరికి అటు కుంటలో ఉన్న దొర్లకూ ఇటు చింతూరులో ఉన్న కోయకూ మధ్య రాష్ట్ర సరిహద్దు కాగితం మీదే ఉంది. అయితే చీకోలో కూడా పోరు ఒక్కసారితో ముగియలేదు. 2018లో చైనా అప్పుతో చీకో మీద ఎత్తిపోతల పథకం మొదలై మళ్ళీ వివాదమైంది. నదిని ఒక తరం కాపాడితే తర్వాతి తరం మళ్ళీ కాపాడాల్సి ఉంటుంది.

సంరక్షణ భారం ఎవరి మీద?

సంరక్షణ అనే మాటను యాంగ్జీ దగ్గర కూడా చదవాలి. చైనాలో ఆ నది మీద 1981లో గెజౌబా ఆనకట్ట నదిని మూసినప్పుడు, గుడ్లు పెట్టడానికి పైకి వెళ్ళే పెద్ద తెడ్డు చేపకు దారి మూసుకుపోయింది. ఆ చేప అంతరించిందని ఇప్పుడు ప్రకటించారు. యాంగ్జీ డాల్ఫిన్ కోసం 2006లో వెతికితే ఒక్కటి కూడా కనబడలేదు. ఆనకట్టలు, ఓడలు, కాలుష్యం, మితిమీరిన వేట అన్నీ కలిసి చేసిన నష్టం ఇది. తర్వాత సంరక్షణ వచ్చింది. 2021 జనవరి 1 నుంచి పదేళ్ళ పాటు చేపల వేట నిషేధించారు. జాలరులకు పరిహారం, వేరే పనులు చూపించారు. నదికి ఊపిరి పీల్చుకునే వ్యవధి కావాల్సిందే. కానీ ఆనకట్ట అక్కడే ఉంది, ఓడ నడుస్తూనే ఉంది, వల మాత్రం ఒడ్డుకు చేరింది. నదిని పాడుచేసిన వాళ్ళలో అందరికన్నా చిన్నవాడి మీదే కాపాడే భారం ముందుగా పడింది. ఏ నది దగ్గర సంరక్షణ అన్న మాట విన్నా, ముందుగా ఎవరి పని ఆపుతున్నారని అడగాలి.

మెకాంగ్ దగ్గర కాగితం ఇంకాస్త మెరుగ్గా కనిపిస్తుంది. థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం 1995లో ఒప్పందం చేసుకుని మెకాంగ్ నదీ కమిషన్ పెట్టుకున్నాయి. నదికి ఎగువన ఉన్న చైనా, మయన్మార్ సభ్యులు కావు, సంప్రదింపుల భాగస్వాములు మాత్రమే. ప్రధాన నది మీద ఆనకట్ట కట్టాలంటే మిగతా దేశాలను ముందుగా సంప్రదించాలి. అయితే కాదని ఆపే అధికారం ఎవరికీ లేదు. అందుకే కింది దేశాలు అభ్యంతరం చెప్పినా లావోస్‌లో జయబురి ఆనకట్ట పూర్తయి 2019లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది. సంప్రదించడానికీ, ఒప్పుకోవడానికీ మధ్య ఎంత దూరముందో ఇది చెబుతుంది.

మెకాంగ్‌లో మనకు నిజంగా పనికొచ్చే పాఠం కమిషన్‌ది కాదు, దాని ఉపనది మూన్ ఒడ్డున ఉన్న థాయి పల్లెలది. 1994లో అక్కడ పాక్ మూన్ ఆనకట్ట పూర్తయింది. చేపలు పైకి వెళ్ళడానికి మెట్లు కట్టామన్నారు గాని, ఆ మెట్లు ఎక్కిన చేపలు బహు తక్కువ. జాలరులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. 2001లో ప్రభుత్వం పరిశీలన కోసం గేట్లు ఎత్తింది. విశ్వవిద్యాలయం వాళ్ళు ఒకవైపు అధ్యయనం చేస్తుంటే, ఊరివాళ్ళు తమ అధ్యయనం తాము మొదలుపెట్టారు. దాని పేరు ‘థాయ్ బాన్’ పరిశోధన, అంటే ఊరివాళ్ళ పరిశోధన అని. ఏ చేప ఏ నెలలో తిరిగి వచ్చింది, ఏ గుండంలో ఉంది, ఏ వలకు పడింది, ఒడ్డున ఏ ఆకు మొలిచింది అన్నీ తమ భాషలో, తమ పేర్లతో రాశారు. 156 రకాల చేపలు తిరిగి వచ్చినట్టు నమోదు చేశారు. ప్రభుత్వం చివరికి ఏడాదికి నాలుగు నెలలు గేట్లు ఎత్తి ఉంచుతామని తేల్చింది. జాలరులు అడిగింది దానికన్నా ఎక్కువ, వాళ్ళకు దక్కింది సగం కూడా కాదు. అయినా ఆ తర్వాత మూన్ నదిలో చేపల సంగతి ఊరివాళ్ళ పుస్తకం తెరవకుండా ఎవరూ మాట్లాడలేని పరిస్థితి వచ్చింది.

చట్టంలో మన కుర్చీ

ఇప్పుడు మన దగ్గరి కుర్చీలు లెక్కపెడదాం. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం ప్రకారం గోదావరి నదీ యాజమాన్య బోర్డులో అధ్యక్షుడు, సభ్య కార్యదర్శి, ఒక్కో రాష్ట్రం నుంచి చీఫ్ ఇంజనీరు హోదాకు తగ్గని సాంకేతిక సభ్యుడు ఒకరు, పరిపాలనా సభ్యుడు ఒకరు, కేంద్రం నియమించే నిపుణుడు ఉంటారు. ఒడ్డున బతికేవాళ్ళకు అందులో కుర్చీ లేదు.

అదే దేశపు ఇంకో చట్టం చూడండి. 2006 అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షన్ చేపలు, ఇతర నీటి ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది. అయిదో సెక్షన్ పరీవాహక ప్రాంతాన్ని, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇస్తుంది. 1996 పెసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలంటుంది. చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగిస్తుంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో ముందస్తు సమ్మతి ఉండాలంటుంది. నదిలో చేపల హక్కు ఉన్న ఆదివాసులకు, కట్టిన జలాశయంలో కూడా ఆ హక్కు ఇవ్వాలంటుంది. అంటే నదికి కాపలాదారు గ్రామసభ అని ఒక చట్టం ఒప్పుకుంటే, నదికి యాజమాన్యం నడిపే బోర్డు ఆ కాపలాదారును గుర్తించదు. వాగు మనది, నది మనది కాదు అన్నట్టు ఉంది ఈ పంపకం. వాగులు కలిస్తేనే నది అయిందన్న సంగతి మాత్రం రెండు కాగితాల్లోనూ లేదు.

ముంపు మీద మన కవులు, కథకులు రాసిన దుఃఖం విలువైనది. ఆ దుఃఖం పక్కన లెక్క కూడా నిలబడాలి. ఎందుకంటే కమిటీ ముందు, కోర్టు ముందు చూపించగలిగేది లెక్కే. ఇక్కడే మన యువతకు, మన బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులకు పని ఉంది. మూన్ ఒడ్డున చేసిన పని శబరి ఒడ్డున చేయడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ప్రతి బడిలో ఒక నది పుస్తకం పెట్టండి. వాగులో దొరికే చేపల పేర్లు కోయలో, గోండీలో, కొండరెడ్ల మాటలో పెద్దవాళ్ళను అడిగి రాయించండి. ఏ నెలలో ఏ చేప ఎక్కింది, ఏ చేప మానేసింది రాయండి. వరద వచ్చిన రోజు తేదీ, గంట రాసి, నీరు ఆగిన ఎత్తును బడి గోడ మీద, రచ్చ చెట్టు మీద గీత పెట్టండి. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి ఇస్తారు. ఆ హెచ్చరికలు వచ్చిన గంటకు మీ వాగు ఎక్కడుందో రాసి పోల్చండి. మూడేళ్ళు రాస్తే ఏ గీత నిజమో ఎవరైనా చూడవచ్చు. రేవులకు, గుండాలకు, లంకలకు ఉన్న పేర్లతో ఊరి పటం గీయించండి. ఆ పుస్తకాన్ని గ్రామసభలో చదివి, తీర్మానానికి జతపరిచి, నకళ్ళు తీసి దాచండి.

ఇలాంటి పుస్తకాలు పది ఊళ్ళవి కలిస్తే శబరికి జీ-12 కాక ఇంకో చరిత్ర ఉందని చూపించవచ్చు. అప్పుడు నదీ యాజమాన్యం మీద ఏ సమావేశం జరిగినా, మా ఊరి లెక్క ఇదిగో, మీ లెక్కలో ఇది ఎక్కడుందో చూపించండి అని మన పిల్లలు అడగగలుగుతారు. ఆ ప్రశ్న అడగడానికి కావలసిన మొదటి పేజీ ఈ వానాకాలంలోనే రాయడం మొదలుపెట్టాలి.